కంబాలకొండ ఆదివారాలు – అర ఎకరం పులికంప డైరీ

జూన్, రెండో ఆదివారం

అడవిలో పులికంప అనే కలుపు తియ్యడానికి పొద్దున్న ఆరింటికి విశాఖ హనుమంతవాక జంక్షన్‌లో కలుద్దామనుకున్నాం. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్లు ముప్పై నలుగురు. వచ్చినవాళ్లం పదకొండు మందిమి. మా ఆఫీసు వాళ్లు ముగ్గురు, డిగ్రీ చదివే పిల్లలు నలుగురు, బ్యాంకులో రిటైరైన మావయ్యగారు, ఆయనతో పొద్దున్నే నడిచే మిత్రులిద్దరు, నేను.

కంబాలకొండ అభయారణ్యం మొత్తం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. అందులో గెడ్డ (వాగు) పక్కన అర ఎకరం మాకు చూపించారు. అభయారణ్యంలో కలుపు మొక్కైనా సరే, అనుమతి లేకుండా పీకితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అందుకని ముందే కాగితం తీసుకున్నాం. అటవీశాఖ బీటు ఆఫీసరు గారు నాలుగు మూలల చెట్లకీ సున్నం గీతలు గీయించి, "ఈ గీత లోపలే మీ పని. అవతల ఆకు కూడా ముట్టుకోవద్దు. కొట్టింది బయటికి పట్టుకెళ్లకూడదు, ఇక్కడే ఉండాలి" అని రెండుసార్లు చెప్పారు.

మా అర ఎకరంలోకి బయటినుంచి చూస్తే ఏమీ కనిపించదు. ఆకుపచ్చ గోడ. దాని మీద పసుపూ గులాబీ కలిసిన పూల గుత్తులు. మా చిన్నప్పుడు దీన్ని తలంబ్రాల చెట్టు అనేవాళ్లం. చేతిలో నలిపితే నిజంగానే తలంబ్రాల్లా రాలతాయి. విచ్చుకున్నప్పుడు పసుపు, పరాగ సంపర్కం అయిపోయాక గులాబీ. పుస్తకాల్లో పేరు లాంటానా. ఇక్కడి వాచరు తాత మాత్రం పులికంప అంటాడు. ఎందుకలా అంటారు తాతా అని అడిగితే, "లోన పులి పడుకున్నా బయటోడికి అగుపడదు గదా" అన్నాడు. ఇక్కడ పులి లేదు గానీ చిరుత ఉంది. ఆ మాట విన్నాక డిగ్రీ పిల్లలు కాసేపు గోడకి దూరంగా నిలబడ్డారు.

కత్తులతో నరకడం మొదలుపెట్టాం. నాలుగు పలకల కాండం, వెనక్కి వంగిన ముళ్లు, గరుకు కాగితంలాంటి ఆకు. చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు ఊరుకుంటుంది, వెనక్కి తీసేటప్పుడు పట్టుకుంటుంది. పది గంటలకల్లా పెళ్లి పందిరంత జాగా తెరుచుకుంది. కొట్టిన కొమ్మలన్నీ ఒక పక్కన కుప్ప వేశాం. ముందు, తర్వాత అని రెండు ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నాం. నాకైతే గర్వంగానే ఉంది.

తాత బీడీ ఆర్పి, మోడుల వైపు చూసి, "ఏటమ్మా, దానికి గడ్డం గీస్తన్నారా? ఇంకా ఒత్తుగా వస్తాది" అన్నాడు. నవ్వేశాం.

జూలై, మూడో ఆదివారం

నడుమ వానలు, ఒక పెళ్లి, ఒకరికి పరీక్షలు. ఐదు వారాలు పోలేదు.

తాత చెప్పినట్టే అయింది. మనం మోడు చేసిన ప్రతి మొక్కా కిందినుంచి పిలకలు వేసింది. ఒకదాని దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. పద్నాలుగు. ఒక్క కాండం కొట్టాను, పద్నాలుగు ఇచ్చింది. అంతకన్నా సిగ్గుచేటు ఆ కొమ్మల కుప్ప. తడి నేలకి ఆనిన చోటల్లా కణుపుల దగ్గర వేళ్లు దిగి, కుప్పే ఒక కొత్త పొద అయి కూర్చుంది. అంటే నెలన్నర క్రితం పదకొండు మందిమి కష్టపడి లాంటానా నాటి వెళ్లామన్నమాట.

ఇవాళ వచ్చింది ఆరుగురం. పని ఏమీ చెయ్యలేదు. పిలకలకి ఫొటోలు తీసుకుని, చోడంబలి తాగి వచ్చేశాం.

జూలై, నాలుగో వారం (ఇంట్లో)

చదువుకోవాల్సింది ముందు చదువుకోలేదు, ఇప్పుడు చదివాను. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు, ఆయన బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో లాంటానా మీద పనిచేసి ఒక పద్ధతి రాశారు. సూత్రం చాలా చిన్నది. లాంటానాకి కాండం అయిపోయి వేరు మొదలయ్యే చోట ఒక ముడి ఉంటుంది. పిలకలు వేసే శక్తి అంతా అక్కడే. ఆ ముడికి పైన ఎక్కడ కొట్టినా మళ్లీ వస్తుంది. ముడికి కింద, నేలలో మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరు తెంపితే ఇక రాదు. మొత్తం వేరు తవ్వక్కర్లేదు, నేలంతా కుళ్లగించక్కర్లేదు. తెంపిన పొదని తలకిందులుగా, వేరు ఆకాశానికి చూసేట్టు నిలబెట్టాలి. అలా అయితే కొమ్మలు మట్టికి ఆనవు, వేళ్లు దిగవు, ఎండిపోతాయి.

పురుగుల్ని వదిలి చంపించే ఆలోచన కూడా మన దేశంలో పాతదే. 1941లో ఆస్ట్రేలియా నుంచి దీని ఆకు రసం పీల్చే చిన్న నల్లి జాతి పురుగుని తెప్పించారు. టేకు మీద కూడా వాలుతుందేమోనని భయపడి ఆపేద్దామనుకునేలోగా అది తప్పించుకుని దేశమంతా తిరిగింది. లాంటానాకి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు. కాబట్టి గునపమే గతి.

ఆ పద్ధతికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. మామూలు గునపం మొన సన్నం, వేరు పక్కనుంచి జారిపోతుంది. మావయ్యగారు తనకి తెలిసిన కమ్మరి దగ్గరికి తీసుకెళ్లారు. లారీ కమాన్ కట్ట ముక్కని సాగగొట్టి, నాలుగు వేళ్ల వెడల్పు అంచు తీసి, పాత గునపానికి అతికించి ఇచ్చాడు. నాలుగు చేయించాం. పూర్ణా మార్కెట్లో వెల్డింగు వాళ్లు వాడే తోలు గ్లౌజులు ఆరు జతలు కొన్నాం. తోటపని గ్లౌజులు ఈ ముళ్లకి ఆగవు, మొదటి రోజే తేలింది.

ఆగస్టు, మొదటి ఆదివారం

ఇవాళ్టిది కాస్త వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే ఇవాళే అసలు పని నేర్చుకున్నాం.

ముందు పొద చుట్టూ తిరిగి చూడాలి. పక్షి గూడు ఉందా, పాము ఉందా, పుట్ట ఉందా. గూడుంటే ఆ పొద వదిలేసి ఎర్ర గుడ్డ కట్టి వచ్చెయ్యాలి. తర్వాత కింది కొమ్మలు రెండు మూడు కత్తిరించి, ఒక మనిషి వంగే దారి చేసుకోవాలి. మొదలు దగ్గర ఎండుటాకులు చేత్తో తోసి, కాండం నేలలోకి దిగే చోటు కనపడేట్టు చెయ్యాలి. అక్కడ వేలు పెట్టి తడిమితే ఆ ముడి తెలుస్తుంది, మోకాలి చిప్పలా. దానికి కింద, గునపం అంచుని వేరుకి ఏటవాలుగా పెట్టి, పై నుంచి కాకుండా పక్కనుంచి పొడవాలి. నాలుగు దెబ్బల తర్వాత ఒక శబ్దం వస్తుంది. ఎండు కర్ర విరిగినట్టు కాదు, పచ్చి చెరుకు విరిచినట్టు. అప్పుడు పొద మొత్తం ఒక్కసారి వదులవుతుంది. ఇద్దరు పట్టుకుని లేపి బోర్లించడమే.

మొదటిది బోర్లించినప్పుడు తాత దగ్గరికొచ్చి వేరు తిప్పి చూశాడు. తల ఊపాడు. అంతే. నాకు అది చాలు.

వాన పడ్డ నేల కనుక ఇప్పుడు సులువు. వేసవిలో ఇదే దెబ్బకి నిప్పులు వస్తాయి. పైగా కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, కదిపినా గింజ రాలదు. ఒక పెద్ద పొద ఏడాదికి 12,000 కాయల దాకా కాస్తుందట. నల్లగా మిగలపండాక పిగిలిపిట్టలు తిని ఎక్కడెక్కడో రెట్ట వేస్తాయి. అందుకే ప్రతి పెద్ద చెట్టు కిందా, పిట్ట వాలే ప్రతి కొమ్మ కిందా లాంటానా పుంజుకుంటుంది.

ఆరుగురం, నాలుగు గంటలు, 46 పొదలు. పద్నాలుగు పిలకల మోడు కూడా ఇవాళే పోయింది. దాన్ని నేనే పొడిచాను.

ఇంటికొచ్చి వేడినీళ్లతో స్నానం, బట్టలు విడిగా నానబెట్టడం తప్పనిసరి. పిడుదుల సంగతి అందరికీ తెలుసు గానీ, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది. మా గ్రూపులో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుకి అడవి సంగతి ముందే చెప్పాలని రూలు పెట్టుకున్నాం.

ఆగస్టు, నాలుగో ఆదివారం

ఇవాళ రెండు తప్పులు, రెండూ నావే.

మొదటిది. పై మూలన ఒక పొద బాగా చిక్కుపడి ఉంది. అప్పటికి పదిన్నర, ఎండ చురుక్కుమంటోంది, తొందర. ముందు దారి చేద్దామని కత్తి పెట్టి కొట్టుకుంటూ పోయాను. ఒక దెబ్బ తేలిగ్గా దిగింది. లాంటానా అలా దిగదు. కత్తి వెనక్కి తీస్తే అంచు పొడుగునా పాలు. తెల్లగా, చిక్కగా, బొట్లుగా జారుతున్నాయి. లాంటానాకి పాలుండవు. ఒక్క క్షణం ఏదైనా ప్రాణిని కొట్టానేమో అనిపించింది.

కొమ్మలు తప్పించి చూస్తే, బొటనవేలంత లావున్న అంకుడు మొక్క. లాంటానా నడుమ వెలుతురు కోసం సన్నగా, నిలువుగా నా ఎత్తు దాకా ఎదిగింది. నున్నటి ఆకులు జంటలు జంటలుగా. జానెడు మోడు మిగిల్చి మిగతాది నేను పడేశాను.

తాత వచ్చి చూసి, "బొమ్మల కర్ర నరికేసినావమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. తెల్లగా, మెత్తగా ఉంటుంది, తరిణె మీద వెన్నలా తిరుగుతుంది, లక్క రంగు బాగా పడుతుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంట్లో షోకేసులో ఏటికొప్పాక బొమ్మలు తొమ్మిది ఉన్నాయి. అంకుడు చెట్టు ఎలా ఉంటుందో మాత్రం నరికాకే తెలిసింది.

ఇక నుంచి కత్తి పట్టే ముందు ఒకరు లోపలికి పాక్కుంటూ వెళ్లి, లాంటానా కానిదానికల్లా ఎర్ర గుడ్డ పీలిక కట్టి రావాలి. ఆ ఒకరు నేనే, శిక్షగా.

రెండో తప్పు దానికి పదడుగుల్లో. ఆ బాధలో చుట్టూ చూడకుండా పక్క పొద కదిపాను. కందిరీగలు. నాకు మూడు, డిగ్రీ పిల్లల్లో ఒకడికి రెండు. వాడి చెవి పూరీలా పొంగింది. కిందికి పరిగెత్తాం, ఒక గునపం అక్కడే పడిపోయింది. ఆ మూల చలికాలం దాకా మూసేశాం.

సెప్టెంబరు

నాలుగు ఆదివారాలకి మూడు జరిగాయి. మొత్తం లెక్క 287. రాయడానికి కొత్తగా ఏమీ లేదు, వంగడం, పొడవడం, బోర్లించడం. మావయ్యగారికి నడుం పట్టేసింది. ఆయనకి లెక్కలు రాసే ఉద్యోగం ఇచ్చాం. బ్యాంకులో కూడా ఇదే చేశానని ఒప్పుకోలేదు గానీ, సంతోషంగానే రాస్తున్నారు.

ఈ కట్టెంతా వృథాయేనా అని ఆయన బాధ. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు లాంటానా కట్టెని ఉడికించి కుర్చీలు అల్లుతారు. నీలగిరుల్లో గూడలూరు వాళ్లు ఈ కట్టెతోనే నిజమైన ఏనుగంత ఏనుగు బొమ్మలు చేస్తే, అవి 2021లో లండన్ పార్కుల దాకా వెళ్లాయి. మన కాగితంలో అందుకు అనుమతి లేదు. బోర్లించిందంతా ఇక్కడే చివకాలి.

అక్టోబరు

వానలు. తుపాను హెచ్చరికతో రెండు ఆదివారాలు గేటే తెరవలేదు.

12వ తేదీన తాత ఫోను చేశాడు. పనేమీ లేదు, ఊరికే. విశాఖలో ఉన్నవాళ్లెవరికీ అక్టోబరు 12 మామూలు తేదీ కాదు. 2014లో హుద్‌హుద్ వచ్చింది ఆ రోజే. "మన అర ఎకరంలో అప్పుడు పెద్ద పెద్ద మానులుండేవమ్మా. రాత్రికి రాత్రి ఎండ లోనకొచ్చేసింది. మరుసటేడు చూస్తే ఈ కంపే" అన్నాడు. ఎండ లోనకి రావడం. నాలుగు పేపర్లు చదివి నేను అర్థం చేసుకున్నది ఆ మూడు మాటల్లో ఉంది. లాంటానా గట్టి నీడలో బతికి బట్టకట్టలేదు. పై కప్పు చిరిగిన చోటే దానికి రాజ్యం. ఒకసారి పరుచుకున్నాక వేళ్లనుంచీ ఆకులనుంచీ వచ్చే రసాయనాలతో వేరే మొలకల్ని ఎదగనివ్వదు, గడ్డి పోతుంది, గడ్డి లేకపోతే కణుజు జింక ఆ దిక్కుకి రాదు.

నవంబరు, కార్తీకంలో ఆదివారం

రోడ్డు మీద బస్సులే బస్సులు. ఎకో పార్కు నిండా వనభోజనాలు. పులిహోర వాసన మా దాకా వచ్చింది. ఉసిరి చెట్టు కింద భోంచేసి నడకకి బయల్దేరిన ఒక కుటుంబం మా దగ్గర ఆగింది. పట్టుచీరలో ఉన్న పెద్దావిడ, "ఎందుకమ్మా పూల చెట్లు పీకేస్తున్నారు? పాపం కదా, కార్తీకమాసం" అంది.

చెప్పాను. ఇది మన దేశం మొక్క కాదు పిన్నిగారూ, అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం తెచ్చారు, అక్కడినుంచి అడవులకెక్కింది, పశువులు తింటే కాలేయం చెడి ఎండకి చర్మం ఊడిపోతుంది అని.

ఆవిడ పక్కన ఉన్న పదో తరగతి పిల్ల వెంటనే, "మా సైన్సు టీచరు సీతాఫలం కూడా అమెరికాదే అన్నారు. అది కూడా పీకేస్తారా?" అని అడిగింది.

ఇంతవరకు నన్నెవరూ అడగని ప్రశ్న. సీతాఫలం అక్కడిదే. జామ, మిరప, టమాటా అక్కడివే. పలాసని బతికించే జీడిమామిడి కూడా అక్కడిదే. పరాయిది కావడం తప్పు కాదమ్మా, వచ్చి సర్దుకున్నవి చాలా ఉన్నాయి, ఇది పక్కవాళ్లని ఉండనివ్వదు, గొడవ అదీ అన్నాను. ఆ పిల్ల ఒప్పుకున్నట్టు కనిపించలేదు. నాకూ పూర్తిగా ఒప్పుదల కాలేదు. సీతాకోకచిలకలు ఈ పూల మీదే వాలుతున్నాయి, మేము పని చేస్తుంటే కూడా. అందుకే మేం ఒకేసారి అంతా తియ్యకుండా, చారలు చారలుగా వదులుతూ తీస్తున్నాం. మిగిలిన చారలు వచ్చే ఏడాది.

పెద్దావిడ వెళ్తూ వెళ్తూ మా అందరికీ విస్తరాకులో పులిహోర పంపింది.

రాత్రి డైరీ రాస్తూ చూశాను. 2020లో మన శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో లాంటానా ఆక్రమించిన అడవి 1,54,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం 1,62,970. అంటే రాష్ట్రమంత కంప. మాది అర ఎకరం, అందులోనూ చారలు. ఈ లెక్క గ్రూపులో పెట్టలేదు. ఉన్న ఏడుగురు కూడా మానేస్తారని భయం.

డిసెంబరు, మొదటి ఆదివారం

తెరిచిన నేల మీద మొలకలు. మొదట గడ్డి అనుకుని మురిసిపోయాం. వంగి చూస్తే రెండాకుల లాంటానా, వందలు, వేలు. మట్టిలో దాగి ఉన్న గింజలు వెలుతురు తగిలి లేచాయి. ఇవి కొన్నేళ్ల పాటు ఇలా లేస్తూనే ఉంటాయట.

దీనికి గునపం అక్కర్లేదు. బొరిగ చాలు, ఇంకా చిన్నవైతే బొటనవేలూ చూపుడువేలూ. అనుమానం వస్తే ఆకు నలిపి వాసన చూడాలి. ఆ ఘాటు ఒకసారి ముక్కుకి పట్టిందంటే ఇక మరిచిపోరు. పీట వేసుకుని కూర్చుని పీకుతుంటే, మావయ్యగారు నడుంనొప్పి మరిచిపోయి వచ్చి కూర్చున్నారు. గోంగూర మడిలో కలుపు తీసినట్టే ఉంది అన్నారు. ఆ పక్కన నిజంగానే గడ్డి కూడా ఉంది, అక్కడక్కడా గుప్పెడు గుప్పెడు. ఎర్ర పీలికలు కట్టిన వాటిలో రెండు రేల, ఒక మోదుగ, నాలుగు అంకుడు బాగున్నాయి. ఒక పాల తీగ ఎండిపోయింది.

డిసెంబరు, మూడో ఆదివారం

చలికి కందిరీగలు గూడు వదిలేశాయని తాత చెప్పాడు. పై మూలకి వెళ్లాం. పడిపోయిన గునపం తుప్పు పట్టి అక్కడే ఉంది. దాని పక్కన ఒక ముళ్లపంది ముల్లు, నలుపూ తెలుపూ చారలతో. డిగ్రీ పిల్లాడు జేబులో పెట్టుకోబోయాడు. బయటికి ఏదీ పట్టుకెళ్లకూడదు అని గుర్తు చేస్తే, ఫొటో తీసుకుని అక్కడే పెట్టేశాడు. ఎంత జాగ్రత్తగా పెట్టాడో, అదే దిక్కుకి తిప్పి మరీ.

నేను ఆగస్టులో నరికిన అంకుడు మోడు వెతుక్కుంటూ వెళ్లాను. చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. మోడు అంచు నల్లబడింది, పాలు కారిన చోట గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. దాని కిందినుంచి ఐదు పిలకలు. జానెడున్నర చొప్పున, నున్నటి ఆకులు జంటలు జంటలుగా, చలికి కొన్ని పండుబారి ఉన్నాయి. జూలైలో లాంటానా మోడు దగ్గర ఇలాగే కూర్చుని పిలకలు లెక్కపెట్టాను. ఇవాళ రెండుసార్లు లెక్కపెట్టాను.

తాత వెనకనుంచి వచ్చి వంగి, మూడింటిని గోటితో గిల్లేశాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. "రెండుంటే చాలమ్మా. ఐదూ ఉంచితే ఏదీ ఎదగదు. బొమ్మల వాళ్లు కూడా ఇలాగే నరికి, ఇలాగే సాకుతారు" అన్నాడు. గిల్లిన చోట మళ్లీ పాలు. వేలి కొనకి అంటిన బొట్టు లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

రెండు పిలకలకీ చెరో ఎర్ర పీలిక కట్టాను.

సంక్రాంతి లోపల ఇంకా మూడు ఆదివారాలు ఉన్నాయి. ఇప్పటికి 391 పొదలు. బొరిగలు ఇంకో నాలుగు కావాలి, ఒక గునపానికి పిడి మార్చాలి. గ్రూపులో పెట్టాను. ఇప్పటికి బొటనవేళ్లు ఇరవై రెండు.